గోడ మీద ఎర్ర గీత పడితే దుకాణం పోయినట్టేనా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీ. గడియారస్తంభం నుంచి పాత బస్టాండు దాకా ఉన్న బజారులో మాకు ఇత్తడి సామాన్ల దుకాణం ఉంది. నాన్నగారు పోయి ఆరేళ్లయింది, దస్తావేజు ఇంకా ఆయన పేరునే ఉంది. నాకు ఇద్దరు అక్కలు. దుకాణం లోతు 18 అడుగులు. బజారును బాగు చేస్తామని, రోడ్డును 60 అడుగులకు పెంచుతామని గత నెలలో మున్సిపాలిటీ సిబ్బంది వచ్చి కొలిచారు. గల్లాపెట్టె పక్కన గోడ మీద ఎర్ర రంగుతో నిలువు గీత గీసి, బాణం గుర్తు వేసి ‘11 అ’ అని రాసి వెళ్లారు. నోటీసేమీ ఇవ్వలేదు. వారం కిందట అచ్చువేసిన అంగీకార పత్రాలు తెచ్చి, స్థలాన్ని స్వచ్ఛందంగా, ఉచితంగా ఇస్తున్నట్టు సంతకం చేయమన్నారు. చేస్తే బాండ్లు వస్తాయట, చేయకపోతే ఆక్రమణ కింద తీసేస్తారట. బజారులో సగం మంది చేసేశారు. మా రెండో గదిలో 22 ఏళ్లుగా అద్దెకున్న దర్జీ, మా అరుగు ముందు ఎప్పటినుంచో పూలమ్ముకుంటున్న పెద్దామె తమ సంగతేమిటని నన్నడుగుతున్నారు. బజారు బాగుపడాలని మాకూ ఉంది. ఏం చేయాలి?

సమాధానం: సంతకం చేయకండి. కారణాలు తర్వాత చెబుతాను. ఇది మీ చేతికందేలోపే వాళ్లు మళ్లీ రావచ్చు కాబట్టి ముందుగా ఈ మాట చెబుతున్నాను. ఎందుకు చేయలేదని అడిగితే, ‘నోటీసు రాతపూర్వకంగా ఇవ్వండి, రాతపూర్వకంగానే జవాబిస్తాను’ అనండి. మర్యాదగా అనండి. వచ్చిన సిబ్బంది పైవాళ్లు చెప్పిన పని చేస్తున్నవాళ్లే.

ఆ ఎర్ర గీత ఒక కొలత, అంతే. దానికి చట్టబలం లేదు. చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదని రాజ్యాంగంలోని 300ఎ అధికరణం చెబుతోంది. 1978లో 44వ సవరణ తర్వాత ఆస్తి ప్రాథమిక హక్కు కాకుండా పోయిందని చాలామంది నిరాశగా మాట్లాడతారు. ప్రాథమిక హక్కు కాకపోయినా అది రాజ్యాంగ హక్కే. 2024 మే నెలలో కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఈ హక్కును విప్పి చూపింది. నోటీసు ఇవ్వాలి, మన మాట వినాలి, కారణాలు చెబుతూ ఉత్తర్వు రాయాలి, ప్రజా ప్రయోజనం ఉండాలి, న్యాయమైన పరిహారం ఇవ్వాలి, పని సాగదీయకుండా చేయాలి, చివరికి హక్కు బదిలీని పూర్తి చేయాలి అంది. మీ విషయంలో ఇప్పటికి మొదటి మెట్టు కూడా ఎక్కలేదు.

మీకు ఇంతకన్నా దగ్గరి తీర్పు మరొకటి ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని మహారాజ్‌గంజ్‌లో 2019లో రోడ్డు వెడల్పు పేరుతో ఒక ఇంటిని నోటీసు లేకుండా కూల్చారు. ఇంటి యజమాని సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశారు. 2024 నవంబరు 6న కోర్టు ఆయనకు 25 లక్షల రూపాయల పరిహారం ఇమ్మని చెప్పి, రోడ్లు వెడల్పు చేసేటప్పుడు దేశంలో ఎవరైనా పాటించాల్సిన వరుసను నిర్దేశించింది. ముందు రికార్డుల ప్రకారం, పటం ప్రకారం రోడ్డు అసలు వెడల్పెంతో తేల్చాలి. ఆ రికార్డును దగ్గర పెట్టుకుని సర్వే చేసి, ఆక్రమణ ఉందో లేదో చూడాలి. ఉంటే రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం వస్తే కారణాలు రాసి తేల్చాలి, అప్పటికీ తొలగించాల్సిందే అయితే తగిన గడువివ్వాలి. ఆక్రమణ లేకుండానే రోడ్డు చాలకపోతే పక్కనున్న భూమిని చట్టప్రకారం సేకరించిన తర్వాతే పని మొదలుపెట్టాలి.

ఈ వరుసను మీ బజారుకు అన్వయించి చూడండి. రోడ్డును 60 అడుగులకు ‘పెంచుతాం’ అని వాళ్లే అంటున్నారు. అంటే ఇప్పుడు అంత లేదన్నమాట. టౌన్ సర్వే రికార్డులో రోడ్డు 40 అడుగులే ఉందనుకుందాం. మిగతా 20 అడుగులు దస్తావేజులున్నవాళ్లవి. ఒకరి పట్టా స్థలాన్ని పెంపు కోసం అడుగుతూ, అదే నోటితో అది ఆక్రమణ అనడం కుదరదు. ఆక్రమణే అయితే అంగీకార పత్రంతో పనేముంది? మీ చేత సంతకం అడగడంలోనే ఆ స్థలం మీదని ఒప్పుకోవడం ఉంది. వాళ్లు తెచ్చిన ఖాళీ పత్రాన్ని చింపకండి, పారేయకండి. కోర్టులో అది మీకు పనికొచ్చే కాగితం.

ఇక మీరు మీతో నిజాయితీగా ఉండాల్సిన సంగతొకటి. మన బజార్లలో మురుగు కాలువ మీద బండ వేసి, బండ మీద మెట్లు కట్టి, మెట్ల మీదికి రేకుల పందిరి దించని దుకాణం అరుదు. తాతల నాటి దస్తావేజులో తూర్పు హద్దు ‘మునిసిపల్ కాలువ’ అని ఉంటే, కాలువ దాటిన అడుగు మీది కాదు. దానికి పరిహారం రాదు, దాని కోసం కోర్టుకు వెళ్లినా నిలవదు. ప్రభుత్వ రోడ్డు మీదున్న కట్టడాలకు, 2024 నవంబరు 13 నాటి బుల్డోజర్ల తీర్పులో చెప్పిన 15 రోజుల నోటీసు నియమం కూడా వర్తించదని ఆ తీర్పే చెప్పింది. అందుకే ముందుగా మీ మెట్లు మీరే కొలుచుకోండి. అవి కాలువ మీద ఉంటే మీరే తీసేయండి. మిగిలిన గోడ కోసం పోరాడేటప్పుడు మీ మాటకు విలువ పెరుగుతుంది.

అంగీకార పత్రం సంగతికి వస్తాను. ప్రతిఫలం లేకుండా ఇవ్వడాన్ని చట్టం దానం అంటుంది. స్థిరాస్తి దానం చెల్లాలంటే ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం రిజిస్టరు చేసిన పత్రం ఉండాలి, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. బజారులో నిలబడి సంతకం చేసిన అచ్చు కాగితంతో హక్కు మారదు. కాబట్టి ఇప్పటికే సంతకం చేసినవాళ్లు కూడా అంతా అయిపోయిందని కుంగిపోవద్దని చెప్పండి. గోడ మీద గునపం పడకముందే, ‘ఒత్తిడి వల్ల, విషయం తెలియక చేశాను, అంగీకారాన్ని ఉపసంహరించుకుంటున్నాను’ అని కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపమనండి. ఆలస్యం మాత్రం వద్దు. సంతకం చేసి, కూల్చేటప్పుడు చూస్తూ ఊరుకుని, ఏడాది తర్వాత కోర్టుకు వస్తే, ‘మీరే ఒప్పుకున్నారు కదా’ అంటారు. అలా వచ్చిన ఒక పెద్దాయనకు నేనేమీ చేయలేకపోయాను. ఆయన తెచ్చిన సంచిలో 40 ఏళ్ల ఇంటిపన్ను రసీదులు వరుసగా కుట్టి ఉన్నాయి. ఒక్క నెల ముందు వచ్చి ఉంటే ఆ రసీదులు మాట్లాడేవి.

మీ విషయంలో ఇంకో చిక్కుంది. నాన్నగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే మీ ఇద్దరు అక్కలకూ, అమ్మగారు ఉంటే ఆమెకూ మీతో సమానంగా వాటాలుంటాయి. మీరొక్కరే సంతకం చేస్తే వాళ్ల వాటా పోదు గాని, ఇంట్లో మనస్పర్థలు మిగులుతాయి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఇప్పుడే తీసుకోండి. పరిహారం వచ్చే రోజున అది లేకపోతే డబ్బు కోర్టు డిపాజిట్‌లో పడుతుంది.

బాండ్లంటే టీడీఆర్ బాండ్లు, అంటే అభివృద్ధి హక్కును బదిలీ చేసే పత్రాలు. రోడ్డుకు పోయిన స్థలానికి బదులుగా, మరోచోట అదనంగా కట్టుకునే హక్కును కాగితం మీద ఇస్తారు. మీరు కట్టకపోతే బిల్డర్‌కు అమ్ముకోవచ్చు. పద్ధతి చట్టబద్ధమైనదే. కాని అదనపు అంతస్తులు కట్టే బిల్డర్లున్న నగరంలో ఆ కాగితానికి ఉండే గిరాకీ, రెండంతస్తులు దాటని మీ ఊళ్లో ఉండదు. డబ్బు కావాలా బాండు కావాలా అన్నది మీ ఇష్టం, మున్సిపాలిటీ ఇష్టం కాదు. ఒకవేళ బాండే తీసుకుంటే, అది చేతికొచ్చేదాకా గోడ మీద చేయి వేయనివ్వకండి.

డబ్బు కావాలంటే 2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన 2013 నాటి భూసేకరణ చట్టం ఉంది. రిజిస్ట్రేషన్ విలువ, చుట్టుపక్కల అమ్మకాల సగటు, ఈ రెండింటిలో ఎక్కువైనదాన్ని మార్కెట్ విలువగా తీసుకుంటారు. దానికి కట్టడం విలువ కలుపుతారు. మొత్తానికి సమానంగా మరో నూరు శాతం సొలేషియం, అంటే ఊరటగా ఇచ్చే అదనపు సొమ్ము, ఇస్తారు. ఉదాహరణకు, పోయే స్థలం విలువ 10 లక్షలు, కట్టడం విలువ 3 లక్షలు అనుకుంటే 13కు 13 కలిపి 26 లక్షలు. దీనికి తోడు, భూమి మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం చొప్పున అదనపు మొత్తం ఉంటుంది. ఇప్పుడు అంగీకార పత్రంలోని ‘ఉచితంగా’ అనే మాటను మళ్లీ చదవండి. ఆ ఒక్క మాట మీ చేత ఎంత వదిలిస్తోందో తెలుస్తుంది.

ఈ చట్టంలో మీకోసమే రాసినట్టుండే సెక్షన్ ఒకటి ఉంది, 94వది. కట్టడంలో కొంత భాగమే తీసుకుంటామంటే, మొత్తం తీసుకోండని అడిగే హక్కు యజమానికి ఉంది. 18 అడుగుల్లో 11 పోతే మిగిలేది 7 అడుగులు. దాంట్లో గల్లాపెట్టె పెడితే బిందెల వరుసకు చోటు లేదు, బిందెలు పెడితే మనిషి నిలబడేందుకు లేదు. భూసేకరణ నోటిఫికేషన్ వస్తే 60 రోజుల్లో రాసే అభ్యంతరంలోనే ఈ కోరిక పెట్టండి. చివరికి అవార్డులో, అంటే పరిహారాన్ని ఖరారు చేసే ఉత్తర్వులో, మొత్తం తక్కువనిపిస్తే ‘నిరసనతో స్వీకరిస్తున్నాను’ అని రాసి మాత్రమే డబ్బు తీసుకోండి. ఆ మాట రాయకపోతే పెంచమని అడిగే దారి మూసుకుపోతుంది.

మీ దర్జీ విషయం. కట్టడం కూలిందంటే అద్దె హక్కు పోయినట్టేనని యజమానులు అనుకుంటారు. అది తప్పు. మున్సిపాలిటీ కట్టడాన్ని కూల్చినా కింది స్థలంలో అద్దెదారు హక్కు మిగిలే ఉంటుందని 2014లో షాహా రతన్‌సీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మిగిలిన స్థలంలో మీరు మళ్లీ కడితే ఆయన్ను కాదనలేరు. భూసేకరణ జరిగితే, అక్కడే మూడేళ్లకు పైగా బతుకుతెరువు సాగించిన అద్దెదారును కూడా చట్టం బాధిత కుటుంబంగానే చూస్తుంది. ఆయన విడిగా క్లెయిము వేయాలి. 22 ఏళ్ల అద్దె రసీదులు ఆయన దగ్గర లేకపోతే, దయచేసి మీరే ఒక కాగితం రాసివ్వండి. ఇందులో మీకు నష్టం లేదు.

పూలమ్మే ఆవిడకు రక్షణ లేదని ఎవరైనా అంటే నమ్మకండి. 2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం పట్టణంలో సర్వే పూర్తిచేసి, విక్రేతలకు ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ తర్వాత చోటు మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం మంది విక్రేతలే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. 50 ఏళ్లకు పైగా సాగుతున్న సహజ సంతను వారసత్వ మార్కెట్‌గా ప్రకటించాలని, అక్కడివాళ్లను కదపకూడదని కూడా ఆ చట్టంలో ఉంది. గడియారస్తంభం దగ్గర పూల సంత ఎప్పటినుంచి ఉందో పెద్దవాళ్లను అడగండి, పాత ఫొటోలు వెతకండి. ఆవిడకు లాయరు ఖర్చు ఉండదు. ఆదాయంతో పని లేకుండా ఏ మహిళకైనా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

బజారు బాగుపడాలని మీరన్న మాట నాకు నచ్చింది. నాకూ అదే కోరిక. 1993 జూన్‌ నుంచి అమల్లో ఉన్న 74వ సవరణ, 12వ షెడ్యూలులో పట్టణ ప్రణాళికను, వీధి దీపాలను, వాహనాలు నిలిపే చోటును, మరుగుదొడ్లను పురపాలికల బాధ్యతల్లో రాసింది. బాగు చేయడమంటే గోడలు వెనక్కి నెట్టడమొక్కటే కాదు. సరుకు లారీలను రాత్రిపూటే రానివ్వడం, వాహనాలను పాత బస్టాండు ఖాళీ స్థలంలో నిలపడం, కాలువకు మూత వేసి నడిచే దారి చేయడం, ఆడవాళ్లకు మరుగుదొడ్లు కట్టడం... వీటికి ఎవరి దుకాణమూ పోనక్కర్లేదు. చాలా ఊళ్లలో వీటిని లెక్కలోకే తీసుకోకుండా గీత గీసేస్తున్నారు. బజారువాళ్లంతా కలిసి సంతకాలతో ప్రత్యామ్నాయాన్ని కౌన్సిల్ అజెండాలో పెట్టించమని అడగండి. ప్రత్యేకాధికారి పాలన ఉంటే ఆయనకే ఇవ్వండి. అందినట్టు ముద్ర వేయించుకున్న నకలు తప్పక దగ్గర పెట్టుకోండి.

సమాచార హక్కు చట్టం కింద ఈ వారమే దరఖాస్తు పెట్టండి. రోడ్డు టౌన్ సర్వే పటం నకలు, వెడల్పు పెంచాలన్న కౌన్సిల్ తీర్మానం నకలు, మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డుకు చూపిన వెడల్పు, పరిహారం కోసం కేటాయించిన నిధి, ఈ నాలుగూ అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. మాస్టర్ ప్లాన్‌లో 60 అడుగులు చూపించారని చెబితే కంగారు పడకండి. ప్లాన్‌లో గీసినంత మాత్రాన యాజమాన్యం మారదు. మీరు కొత్తగా కట్టడానికి అనుమతి అడిగినప్పుడు మాత్రం రోడ్డుకు పోయే భాగం వదలమంటారు. అది వేరే సందర్భం.

జవాబు రాకముందే యంత్రం వస్తే అమరావతి హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్ వేయవచ్చు. అత్యవసరమైతే లంచ్ మోషన్, అంటే అదే రోజు భోజన విరామం తర్వాత విచారించమని కోరవచ్చు. అందుకు కాగితాలు చేతిలో ఉండాలి. రేపు ఉదయం ఇద్దరు పెద్దమనుషులను పిలిచి, వాళ్లెదుట దుకాణాన్ని గుమ్మం నుంచి వెనక గోడ దాకా కొలవండి. ఎర్ర గీత, ‘11 అ’ అక్షరాలు, కాలువ, మెట్లు స్పష్టంగా కనిపించేలా ఫొటోలు తీయండి. దస్తావేజు, లింకు దస్తావేజులు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పన్ను రసీదులు, ట్రేడ్ లైసెన్సు ఒక ఫైలులో పెట్టి, అక్కలిద్దరినీ పిలిచి చూపించండి. దస్తావేజులో రోడ్డు వైపు హద్దును ఉన్నదున్నట్టు మాటకు మాట ఎత్తిరాసి నాకు పంపండి. నోటీసుకు ఇవ్వాల్సిన జవాబు ఆ వాక్యం చూశాకే రాయగలను.