లాగ్‌లో ఊహలు రాయకు

తమ్ముడూ,

నువ్వు పంపిన కోడ్ చదివాను. పని చక్కగానే చేస్తోంది. నా పేచీ అంతా లాగ్ సందేశాలతోనే, అంటే నడుస్తున్నప్పుడు ఏం జరిగిందో ప్రోగ్రాం రాసిపెట్టే మాటలతోనే.

డేటాబేస్‌కు కనెక్షన్ దొరకనప్పుడు ‘నెట్‌వర్క్ పనిచేయడం లేదు’ అని రాయించావు. ఆ సంగతి నీ ప్రోగ్రాంకు ఎవరు చెప్పారు? దానికి తెలిసిందల్లా ఫలానా అడ్రసులో ఫలానా పోర్టును పిలిస్తే 5 సెకన్లలో జవాబు రాలేదని. అంతవరకే రాయి. అవతలి యంత్రం ఆగిపోయి ఉండవచ్చు, ఫైర్‌వాల్ అడ్డుపడి ఉండవచ్చు. నీ ఊహను నిజమని నమ్మి, అర్ధరాత్రి డ్యూటీలో ఉన్నవాడు నెట్‌వర్క్ వాళ్లను నిద్రలేపుతాడు.

అలాగని సిస్టం చెప్పిన మాటను చిలకలా అప్పజెప్పినా చాలదు. లినక్స్‌లో 28వ నంబరు ఎర్రర్ అంటే ‘డిస్క్‌లో చోటు లేదు’. కానీ ఫైళ్లలో మార్పులను కనిపెట్టే ఐనోటిఫై కూడా, వాచ్‌ల (అది పెట్టే కాపలాల) పరిమితి నిండిపోతే ఇదే నంబరు ఇస్తుంది. డిస్క్ సగం ఖాళీగానే ఉంటుంది. పాపం, ఆ సందేశం చదివినవాడు పాత ఫైళ్లు వెతికి వెతికి తుడిచేస్తుంటాడు! ఏ డైరెక్టరీకి వాచ్ పెట్టబోతే ఈ నంబరు వచ్చిందో అదే వాక్యంలో ఉంటే అతనికి ఆ అవస్థ తప్పేది.

సిస్టంను అడిగే కాల్ ఏదైనా విఫలమైన వెంటనే ఎర్‌నో (ఎర్రర్ నంబరు ఉండే చోటు) విలువను వేరే వేరియబుల్‌లో దాచుకో. మధ్యలో ఫైలు మూసే కాల్ ఒక్కటి దూరినా ఆ విలువ మారిపోవచ్చు. అప్పుడు లాగ్‌కు ఎక్కేది ఇంకెవరి తప్పో. కోడ్ సమీక్షలో ఇది తేలిగ్గా కంటికి ఆనదు.

అన్నిటికన్నా నన్ను ఇబ్బంది పెట్టింది ‘రికార్డు డిస్క్‌లో భద్రపరిచాం’ అన్న వాక్యం. ఫైలులో రాయమనే రైట్ కాల్ తిరిగి రాగానే అది పడుతోంది. అప్పటికి డేటా కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) మెమరీలోనే ఉండవచ్చు. ఆ క్షణాన కరెంటు పోతే లాగ్‌లో రికార్డు ఉన్నట్టుంటుంది, డిస్క్‌లో ఉండదు. డేటాను డిస్క్‌కు చేర్చమనే ఎఫ్‌సింక్ కాల్ సరిగ్గా ముగిశాకే ఆ మాట అను.

సందేశాల తీవ్రత స్థాయిల గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. సిస్‌లాగ్‌లో (లాగ్ సందేశాలు రాసే ఒక ప్రామాణిక పద్ధతి) 0 నుంచి 7 దాకా ఉన్నాయి, చిన్న అంకె పెద్ద ప్రమాదం. రెండోసారి ప్రయత్నించి నెగ్గిన పనికి ‘ఎర్రర్’ తగిలించకు. సమయంతో పాటు సంవత్సరం, టైమ్‌జోన్ కూడా రాయి; పాత సిస్‌లాగ్ పద్ధతిలో ఆ రెండూ ఉండవు. పాస్‌వర్డులు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ లాగ్‌లోకి రానీయకు.

‘ఏదో పొరపాటు జరిగింది’ అన్న సందేశం చాలా చోట్ల కనిపించింది. ముందు వాటిని సరిచేసి కోడ్ మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య