పాత రివాల్వర్ మీద 90 శాతం బ్లూయింగ్ (ఇనుము మీద తెప్పించే నీలినలుపు పొర) ఉందంటే నమ్మవచ్చా? విలువ ఎలా కట్టాలి?

మీ ప్రశ్న సారాంశం: 1851 మోడల్ కోల్ట్ నేవీ రివాల్వర్ ఒకటి అమ్మకానికి వచ్చింది. ఒళ్లంతా నల్లగా నిగనిగలాడుతోంది, సిలిండర్ చక్కగా తిరుగుతోంది. అమ్మేవారు "ఒరిజినల్ ఫినిష్ 90 శాతం ఉంది" అంటున్నారు. ఫొటోల్లో సిలిండర్ మీద బొమ్మ మాత్రం దాదాపు కనిపించడం లేదు. ధర సబబేనా అని అడిగారు.

సబబు కాదనే నా అనుమానం. కారణం మీ ప్రశ్నలోనే ఉంది. ఆ సిలిండర్ మీద 1843 మే 16న టెక్సాస్, మెక్సికో నౌకాదళాల మధ్య జరిగిన పోరు దృశ్యాన్ని రోలర్ డైతో అచ్చొత్తారు. ఆ గీతలు చాలా పలచన, వాటి మీద బ్లూయింగ్ ఇంకా పలచన. వాడకంలో ఓడల బొమ్మ అరిగిపోవాలంటే దాని మీది నీలం అంతకు ముందే పోయి ఉండాలి. బొమ్మ పోయి నీలం మిగలడం జరిగే పని కాదు. ఎవరో ఆ సిలిండర్‌ను బఫింగ్ చక్రం మీద పెట్టి, తర్వాత కొత్తగా బ్లూయింగ్ వేయించారని అర్థం. ఒక రివాల్వర్ మీది అరుగుదల, తుప్పు, రంగు, నంబర్లు అన్నీ ఒకే మాట చెప్పాలి. ఒకటి ఇంకోలా మాట్లాడితే అక్కడ ఆగి వెతకాలి. పరీక్ష అంటే ప్రధానంగా ఇదే.

చేతిలోకి తీసుకోగానే చూడాల్సింది ధర కాదు, అందులో తూటా ఉందా లేదా అన్నది. ఇలాంటి పెర్కషన్ రివాల్వర్లు (మందు, గుండు విడిగా నింపి, సిలిండర్ వెనక నిపుల్స్ అనే చిన్న గొట్టాల మీద పేలుడు క్యాప్‌లు తొడిగి కాల్చేవి) నింపిన మందుతోనే తరతరాలు పెట్టెల్లో ఉండిపోతుంటాయి, పొడిగా ఉన్న బ్లాక్ పౌడర్ అన్నేళ్ల తర్వాతా పేలుతుంది. మూతి ఎవరివైపూ లేకుండా పట్టుకుని, నిపుల్స్ మీద క్యాప్‌లు ఉన్నాయేమో మొదట చూడండి. ఉంటే హామర్ తాకకుండా తెలిసిన గన్‌స్మిత్‌కు అప్పగించండి. క్యాప్ లేదు కదా అని నిశ్చింత వద్దు, లోపల మందూ సీసపు గుండూ ఉండవచ్చు. పక్కనుంచి టార్చి వేస్తే చాంబర్ల (సిలిండర్‌లో గుండ్లు పట్టే గదుల) మూతుల్లో గుండ్లు కనిపిస్తాయి. బ్యారెల్‌కు ఎదురుగా ఉన్న చాంబర్‌లోకి సన్నటి చెక్క పుల్ల దింపి, లోపలికి ఎంత వెళ్లిందో బయట పెట్టి కొలిచి సరిచూడవచ్చు.

ఇప్పుడు ఫినిష్ సంగతి. 1851 నేవీలో బ్యారెల్, సిలిండర్ నీలం. ఫ్రేమ్, హామర్, లోడింగ్ లీవర్ (గుండును చాంబర్‌లోకి నొక్కే, బ్యారెల్ కింది కడ్డీ) కేస్ హార్డెనింగ్ చేసినవి, అంటే మబ్బుల్లాంటి నీలి, గోధుమ, బూడిద రంగులు కలిసి ఉంటాయి. హార్ట్‌ఫర్డ్‌లో తయారైన వాటిలో ట్రిగ్గర్ గార్డ్, బ్యాక్‌స్ట్రాప్ (పిడి వెనక పట్టీ) సాధారణంగా ఇత్తడివి, వాటి మీద వెండి పూత. లండన్ తయారీలో అవి ఎక్కువగా ఇనుపవి. మీరు పంపిన వివరంలో "ఒళ్లంతా నలుపు" అన్నారు. ఫ్రేమ్, హామర్ కూడా నల్లగానే ఉంటే ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. కేస్ రంగులు వెలుతురుకూ చేతి రాపిడికీ వెలిసి బూడిద రంగు వెండిలా మారతాయి తప్ప నలుపుకు తిరగవు.

రీబ్లూ, అంటే తర్వాత వేసిన బ్లూయింగ్, పసిగట్టడానికి 10 రెట్ల భూతద్దం ఒకటి చాలు. బ్యారెల్ మీది చిరునామా అక్షరాలు చూడండి. అసలు అచ్చులో అక్షరం అంచులు నిలువుగా, పదునుగా ఉంటాయి. బఫింగ్ పడితే అంచులు ఒక పక్కకు జారి, అక్షరం చివర్లు పలచబడి కనిపిస్తాయి. తర్వాత స్క్రూ రంధ్రాలు. మెత్తటి చక్రం రంధ్రం అంచును ముందు తినేస్తుంది, అందుకే స్క్రూ చుట్టూ సాసర్‌లా చిన్న పల్లం ఏర్పడుతుంది. ఎనిమిది పలకల బ్యారెల్‌లో రెండు పలకలు కలిసే గీతను మూతి వైపు నుంచి చూడండి, గీత చురుగ్గా సాగాలి, గుండ్రబడకూడదు. నీలం అడుగున తుప్పు గుంటలు కనిపిస్తే వాదనే లేదు: ముందు తుప్పు, తర్వాత రంగు. ఇంకొకటి, 1930ల తర్వాత వాడుకలోకి వచ్చిన వేడి లవణ ద్రావణపు బ్లూయింగ్ ఒక్కతీరు నలుపు ఇస్తుంది. పాత పద్ధతిలో వచ్చే నీలంలో లోతు ఉంటుంది, అరిగే చోట క్రమంగా గోధుమకో బూడిదకో తిరుగుతుంది.

అరుగుదల ఎక్కడ ఉందన్నదీ ముఖ్యమే. ఒరలోకి పోయి వచ్చే మూతి పక్కలు, సిలిండర్ ముందు అంచు, అరచేయి ఆనే బ్యాక్‌స్ట్రాప్ ముందు అరుగుతాయి. లోడింగ్ లీవర్ కింద, ఫ్రేమ్ బ్యారెల్ కలిసే సందుల్లో నీలం నిలుస్తుంది. బయట నిగనిగలాడుతూ సందుల్లో గోధుమ రంగు ఉంటే అది సహజ అరుగుదలకు తలకిందులు, రంగు తర్వాత వేసిందే.

నికెల్ పూత వాటికి లెక్క వేరు. 19వ శతాబ్దపు స్మిత్ అండ్ వెసన్ టాప్‌బ్రేక్‌లలో (పైన విప్పితే బ్యారెల్ కిందికి వంగే రివాల్వర్లలో) ఫ్యాక్టరీ నికెల్ అయినా ట్రిగ్గర్ గార్డ్ నీలంగా, హామర్, ట్రిగ్గర్ కేస్ రంగుల్లో ఉంటాయి. అవి కూడా నికెల్‌తో మెరుస్తుంటే తర్వాత ఎవరో పూత వేయించారన్న మాట. ఇది తెలియక కొత్తవాళ్లు "పూర్తి నికెల్" అని ఎక్కువ పెట్టి కొనడం మామూలే.

నంబర్ల విషయానికి వద్దాం. కోల్ట్ పెర్కషన్ రివాల్వర్‌ను వెల్లకిలా తిప్పితే బ్యారెల్ అడుగున, ఫ్రేమ్ మీద, ట్రిగ్గర్ గార్డ్ మీద, పిడి అడుగు పట్టీ మీద సీరియల్ నంబరు నాలుగు చోట్ల ఏమీ విప్పకుండానే కనిపిస్తుంది. ఇవి కాక సిలిండర్, వెడ్జ్ (బ్యారెల్‌ను బిగించి ఉంచే చీల), లోడింగ్ లీవర్, సిలిండర్ తిరిగే ఇరుసు మీద కూడా నంబరు ఉంటుంది. చెక్క పిడి లోపలి వైపు సిరాతో రాసిన నంబరు మిగిలి ఉంటే అదృష్టం. వెడ్జ్ పోవడం, మారడం అతి సామాన్యం, దానికి కొద్దిగా తగ్గిస్తే సరిపోతుంది. సిలిండర్ నంబరు కలవకపోతే బాగా తగ్గించాలి. బ్యారెల్ కలవకపోతే అది రెండు తుపాకుల ముక్కలు కలిపి కట్టింది, ధర కూడా ఆ లెక్కనే.

నంబరు కలిసిందని సంతోషించే ముందు దాని కింద ఇనుమును చూడండి. పాత నంబరును అరగదీసి కొత్తది కొడితే ఆ చోటు చుట్టుపక్కల కన్నా పల్లంగా ఉంటుంది, స్కేలు అంచు పెడితే కింద వెలుతురు దూరుతుంది. అంకెల ఆకారం, లోతు మిగతా చోట్లతో పోల్చండి. పంచ్ కొట్టినప్పుడు ఇనుము అంచుకు లేచి నిలుస్తుంది. 150 ఏళ్ల చేతుల కింద ఆ అంచు నునుపవుతుంది, వేలికి గరుకుగా తగిలితే అది ఈ మధ్య కొట్టింది.

నంబర్లు కలవడమే తప్పయ్యే సందర్భం ఒకటుంది. అమెరికా సైన్యం కొన్న కోల్ట్ 1873 సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్లను తర్వాత వెనక్కి పంపి, 7½ అంగుళాల బ్యారెళ్లను 5½కు కోయించి మళ్లీ జోడించారు. కలెక్టర్లు వీటిని ఆర్టిలరీ మోడల్ అంటారు. ఆ పనిలో భాగాలు కలగాపులగమయ్యాయి కాబట్టి వాటికి నంబర్లు కలవకపోవడమే సహజం. అన్నీ కలిసిన ఆర్టిలరీ కనిపిస్తే అది నిజంగా అరుదైనదో, లేక ఎవరో కుదిర్చిందో రెండుసార్లు చూడాలి. సైనిక ముద్రలంటేనే జాగ్రత్త. తొలి సింగిల్ యాక్షన్ల ఇన్‌స్పెక్టర్ ఆర్విల్ ఎయిన్స్‌వర్త్ పొడి అక్షరాలు ఉన్నవి అశ్వికదళ చరిత్రతో ముడిపడ్డాయి కాబట్టి నకిలీ ముద్రలు ఎక్కువ. చెక్క పిడి అరిగిపోయి దాని మీది ముద్ర మాత్రం పదునుగా ఉంటే కొనకండి.

తారీఖుల దగ్గర మోసపోయేవాళ్లు చాలామంది. బ్యారెల్ మీద కొట్టింది సాధారణంగా పేటెంట్ తేదీ, తయారైన ఏడాది కాదు. రెమింగ్టన్ న్యూ మోడల్ ఆర్మీ మీద 1858 సెప్టెంబరు 14 అని ఉంటుంది, అందుకే అందరూ దాన్ని 1858 రెమింగ్టన్ అంటారు. అది తయారవడం మొదలైంది 1863లో.

ఆధునిక ప్రతుల గురించి కూడా చెప్పాలి, మురికి పట్టించి, ఆమ్లం పూసి పాతవిగా అమ్మేవి తక్కువేం కాదు. ఇటలీ ప్రతుల మీద గార్డోనె ప్రూఫ్ హౌస్ (తుపాకుల్ని పరీక్షించి ముద్ర వేసే సంస్థ) ముద్రలు, నక్షత్రం కింద పి ఎన్ అక్షరాలు, పక్కన చిన్న చదరంలో తయారీ ఏడాది గుర్తు ఉంటాయి. అవి ఉండాల్సిన చోట ఇనుము అరగదీసినట్టు పలచబడి ఉంటే అనుమానించండి. ఇత్తడి ఫ్రేమ్‌తో 44 క్యాలిబర్ (గొట్టం వెడల్పు కొలత) "కోల్ట్ నేవీ" అని చూపిస్తే భూతద్దం కూడా తీయక్కర్లేదు. అసలు 1851 నేవీ 36 క్యాలిబర్, ఫ్రేమ్ ఇనుము. కోల్ట్ పేరుతోనే 1971 నుంచి మళ్లీ తయారైనవీ ఉన్నాయి, వాటికంటూ కలెక్టర్లు ఉన్నారు గానీ ఆ ధర వేరు.

యంత్రం పరీక్ష క్లుప్తంగా. ఖాళీ హామర్ కొట్టి చూడకండి, నిపుల్ నోరు పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, పాత బద్ద స్ప్రింగు విరగొచ్చు. బొటనవేలితో అదిమి పట్టి మెల్లగా వెనక్కి లాగండి. హామర్ పూర్తిగా లేచే క్షణానికే సిలిండర్ గాడిలో బోల్ట్ (దాన్ని ఆపే కొక్కెం) పడి బిగియాలి. ఆరు చాంబర్లకూ విడివిడిగా చూడండి, ఒకటి రెండింటికి మాత్రమే ఆలస్యమవడం మామూలు. హామర్ ఆగినా సిలిండర్ ఇంకా కదులుతుంటే దాన్ని తిప్పే హ్యాండ్ అరిగింది. పూర్తిగా లేపి ఉన్నప్పుడు వేలు వదలకుండా వెనక నుంచి కొద్దిగా నెట్టండి, జారితే సియర్ (హామర్‌ను పట్టి ఉంచే ముక్క) కొసో హామర్ గాడో పోయిందన్న మాట. గాడుల అంచులు నలిగి ఉంటే ఎవరో చాలా మొరటుగా వాడారు.

సిలిండర్ వెనక నిపుల్ గుంతల్ని, వాటికి ఎదురుగా ఫ్రేమ్ మీద ఉన్న గోడను, అంటే రికాయిల్ షీల్డ్‌ను కలిపి చూడండి. పాత క్యాప్‌ల మసి ఇనుమును తినేస్తుంది, కాబట్టి రెండింటి మీదా గుంటలు దాదాపు ఒకే తీరున ఉండాలి. షీల్డ్ గుంటలు పడి సిలిండర్ వెనక భాగం అద్దంలా ఉంటే సిలిండర్ మారింది, లేదా సాన పెట్టారు. బ్యారెల్ లోపల ఉంగరంలా ఒక చోట నీడ కనిపిస్తే అక్కడ ఉబ్బు ఉన్నట్టే.

చిత్రమేమిటంటే, యంత్రంలో లోపాల వల్ల పోయే విలువ ఫినిష్ పోయినంత కాదు. విరిగిన స్ప్రింగు మార్చుకోవచ్చు, తీసిన ముక్కను సంచిలో వేసి తుపాకీతో పాటే ఉంచండి. పోయిన అసలు ఉపరితలం తిరిగి రాదు. అందుకే కొన్నాక "శుభ్రం చేద్దాం" అనుకోవడం అసలుకే ఎసరు. మెత్తటి నూలు గుడ్డ, పలచటి తుపాకీ నూనె, అంతే. ఇనుప పీచు, మెటల్ పాలిష్, తుప్పు తీసే ద్రావణాలు దగ్గరకు రానీయవద్దు. చెక్క పిడికి నూనె తగలనీయకండి. స్క్రూ గాడికి అతికినట్టు సరిపోయే స్క్రూడ్రైవర్ లేకపోతే విప్పకండి, చెడిన స్క్రూ తలలు చూడగానే కొనేవాడు ధర తగ్గిస్తాడు.

ఇక గ్రేడు. అమెరికా నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పాత తుపాకుల కొలబద్దలో అన్ని భాగాలూ అసలువై, అసలు ఫినిష్ 80 శాతానికి పైన ఉంటే ఎక్సలెంట్, 30కి పైన ఉంటే ఫైన్. 30కి లోపు ఉన్నా, అసలేమీ లేకున్నా, ఇనుము నునుపుగా అంచులు పదునుగా ఉంటే వెరీ గుడ్. రీబ్లూ చేసింది ఎంత మెరిసినా గుడ్ దాటదు. శాతం కట్టేటప్పుడు ఒక్క చూపులో అంకె చెప్పకండి. బ్యారెల్ మీద 40, సిలిండర్ మీద 20, ఫ్రేమ్ మీద కేస్ రంగు 10 అని విడివిడిగా రాసుకుని, విస్తీర్ణం బట్టి సగటు తీయండి. అప్పుడు "దాదాపు ఫైన్" అనిపించింది వెరీ గుడ్ దగ్గర ఆగుతుంది. మీరు అడిగిన తుపాకీ, నంబర్లన్నీ కలిసినా, ఈ లెక్కలో గుడ్. సిలిండర్ బొమ్మ, అక్షరాలు, అంచులు మరీ పోయి ఉంటే ఫెయిర్ కూడా కావచ్చు.

ధర తేల్చడానికి అమ్మకపు బోర్డుల మీది అంకెలు పనికిరావు. వేలంలో నిజంగా పలికిన ధరలే చూడండి. అదే మోడల్, అదే బ్యారెల్ చిరునామా, అదే గ్రేడు ఉన్నవి ఈ మధ్య కాలంలోవి కనీసం ఐదారు తీసుకోండి. కొనేవాడి కమిషన్ కలిపారా లేదా అన్నది గమనించండి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఎక్సలెంట్ ధరలో ఇంత శాతం కోత అని రీబ్లూకు కట్టకండి, అప్పటికే రీబ్లూ అని ప్రకటించి అమ్మినవాటి ధరతోనే పోల్చండి. తేడా చాలాసార్లు సగానికి మించే ఉంటుంది.

1873 సింగిల్ యాక్షన్ లాంటి కార్ట్రిడ్జ్ మోడళ్లకు (లోహపు తూటాలు వాడేవాటికి) కోల్ట్ ఆర్కైవ్ నుంచి లేఖ తెప్పించవచ్చు: ఏ తేదీన, ఏ ఫినిష్‌తో, ఎంత బ్యారెల్‌తో, ఎవరికి పంపారో ఉంటుంది. స్మిత్ అండ్ వెసన్‌కూ అలాంటి ఏర్పాటుంది. ఆ నంబరు గలది ఫలానా రూపంలో బయటికి వెళ్లిందనే లేఖ చెబుతుంది, మీ చేతిలో ఉన్నది అదేనని కాదు. మంచి లేఖ వచ్చే నంబరును కోరి కొట్టినవీ ఉన్నాయి.

చట్టం ఒక్కో దేశంలో ఒక్కో తీరు, అది ముందే చూసుకోండి. అమెరికాలో 1968 చట్టం ప్రకారం 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవి పురాతన ఆయుధాలు. సరిహద్దు దగ్గర ఉన్నవాటికి ఫ్రేమ్ తయారైన ఏడాదే కీలకం.

డబ్బు ఇచ్చే ముందు అమ్మేవారిని నాలుగు ఫొటోలు అడగండి: పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, వెల్లకిలా తిప్పి నాలుగు నంబర్లూ ఒకే చిత్రంలో, సిలిండర్ బొమ్మ దగ్గరగా, బ్యారెల్ అక్షరాలు పక్క వెలుగులో, వెడ్జ్ తీశాక ఇరుసూ సిలిండర్ వెనక భాగమూ కలిపి. వీటితో పాటు "రీఫినిష్ అని తేలితే వాపసు" అని రాతపూర్వకంగా తీసుకోండి. ఫొటోలు పంపడానికి ఒప్పుకుని రాతకు వెనకాడితే ధర సంగతి ఆలోచించనక్కర్లేదు.