పారియా అన్న మాట దగ్గర ఆగిన కలం

సమాజం, మతం మీద పోటీ పరీక్షల్లో వచ్చే కఠినమైన ఇంగ్లిష్ పదాలను రోజుకు 50 చొప్పున చదువుతున్నానని, వారం తిరిగేసరికి ఏదీ గుర్తుండటం లేదని, మంచి జాబితా ఏదైనా ఉంటే చెప్పమని అడిగారు. జాబితా మాత్రం చెప్పను. మీ దగ్గర ఇప్పటికే నాలుగైదు ఉండి ఉంటాయి. నేను ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలోనే చదివాను. తర్వాత హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ముగ్గురం కలిసి గది అద్దెకు తీసుకుని స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పరీక్షలకు తయారయ్యాం. మీరు పడుతున్న బాధ నాకు బాగా తెలుసు. మిగతా విభాగాల సంగతి ఎలా ఉన్నా, ఈ ఒక్క విభాగంలో మన ఊళ్ల పిల్లలకు నగరాల పిల్లలకంటే ఎక్కువ తెలుసు. ఆ సంగతి మనకు ఎవరూ చెప్పరు, అంతే.

ఎండాగమీ, ఎక్సాగమీ అనే రెండు పదాలను నేను నెల రోజులు తారుమారు చేస్తూనే ఉన్నాను. మా అక్కకు సంబంధాలు చూస్తున్నప్పుడు సెలవులకు ఇంటికి వెళ్లాను. పెళ్లిళ్ల పేరయ్య అరుగు మీద కూర్చోగానే మా నానమ్మ అడిగిన మొదటి మాట, ‘మనవాళ్లేనా?’ రెండో మాట, ‘గోత్రం ఏమిటి?’ మొదటి ప్రశ్నకు కాదని జవాబు వస్తే సంబంధం పోతుంది, రెండో ప్రశ్నకు మన గోత్రమే అని జవాబు వచ్చినా పోతుంది. కులం లోపలే చేసుకోవాలి, అది ఎండాగమీ. గోత్రం బయటే చేసుకోవాలి, అది ఎక్సాగమీ. ఆ రోజు తర్వాత ఆ రెండు పదాలను నేను మళ్లీ తెరిచి చూడలేదు. 1916లో అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో కులాల పుట్టుక మీద చదివిన వ్యాసానికి మూలం కూడా ఈ రెండు మాటలే. ఎక్సాగమీ మీద ఎండాగమీని తెచ్చి మోపడమే కులమని ఆయన అందులో తేల్చారు. మా నానమ్మ రెండు ప్రశ్నల్లో ఉన్నదీ అదే.

ఇలాగే ప్రతి పదానికీ ముందు మన మాట వెతుక్కోండి. శాంక్టిమోనియస్ అంటే మీ జాబితాలో ‘పవిత్రత నటించునట్టి’ అని ఉంటుంది. దొంగభక్తి అంటే సరిపోదా? బ్లాస్ఫెమీ, శాక్రిలిజ్, హెరిసీ మూడూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి పరీక్ష పెట్టేవాళ్లు మూడింటినీ ఒకే ప్రశ్న కింద ఇస్తారు. దేవుణ్ణి నోటితో నిందిస్తే బ్లాస్ఫెమీ. గర్భగుడిలోకి చెప్పులతో వెళ్లడం, హుండీ పగలగొట్టడం లాంటి పని చేస్తే శాక్రిలిజ్, మన మాటల్లో అపచారం. తన మతంలోనే ఉండి, పెద్దలు ఒప్పుకోని సిద్ధాంతాన్ని నమ్మితే హెరిసీ. ఈ మూడో మాట గ్రీకులో ‘ఎంచుకోవడం’ అనే అర్థం నుంచి వచ్చింది. మతాన్నే వదిలి వెళ్లిపోతే అపోస్టసీ. నోరు, చెయ్యి, బుద్ధి, కాలు అని గుర్తుపెట్టుకున్నాను. ఇప్పటికీ తడబడను.

ఆస్ట్రసైజ్ అనే మాట దగ్గర కోచింగ్ సారు ఏథెన్సు కథ చెప్పారు. అక్కడి పౌరులు కుండపెంకుల మీద పేరు గీకి, ఓట్లు ఎక్కువ పడినవాణ్ణి 10 ఏళ్లు నగరం దాటించేవారట. కథ నిజమే, బాగానే ఉంది. కాని మనకు ఏథెన్సు దాకా వెళ్లాల్సిన పనేముంది? 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించారు. ఆయనను, ఆయన వెంట నడిచినవాళ్లను వెలివేశారు. ఆ వెలి అనే రెండక్షరాలు చాలు. మా ఊళ్లో నేను కళ్లారా చూశాను, కులాంతర వివాహం చేసుకున్న ఒకాయన ఇంటికి ఏడాదిపాటు శుభలేఖ అందలేదు.

ఇక సెక్యులర్ గురించి నా కోపం చెప్పాలి. ఫోన్లలో తిరిగే కాగితాల్లో దీనికి ‘మత వ్యతిరేకి’ అని అర్థం రాసి ఉంటుంది. ఇది తప్పు. లాటిన్‌లో యుగం, లోకం అనే అర్థమున్న మాట దీనికి మూలం, అందుకే మనం లౌకిక అంటాం. 1976లో 42వ సవరణతో రాజ్యాంగ ప్రవేశికలో ఈ మాట చేరినప్పుడు హిందీ పాఠంలో ధర్మనిరపేక్ష్ అనకుండా పంథ్‌నిరపేక్ష్, అంటే ఏ మతశాఖ వైపూ మొగ్గని, అని ఎంచుకున్నారు. ఆర్థికశాస్త్రంలో మళ్లీ ఇదే మాటకు దీర్ఘకాలికమైన అని అర్థం. ధరల సెక్యులర్ ట్రెండ్ అని పేరాలో వస్తే మతం కోసం వెతికి మార్కులు పోగొట్టుకున్నవాళ్లు మా గదిలోనే ఇద్దరున్నారు. నాకు తెలిసి ఈ కాగితాలు తయారుచేసేవాళ్లు ఒకరి దాన్ని చూసి ఒకరు ఎక్కించుకుంటారే గాని, నిఘంటువు తెరవరు. పిల్లల బతుకులతో పని ఇది, ఇంత నిర్లక్ష్యం తగదు.

అసలు నేను ఈ జవాబు రాయడానికి కూర్చున్నది ఇంకొక మాట కోసం.

ఒక సాయంత్రం తరగతిలో సారు వరసగా పదాలు చెబుతున్నారు. హాలు కిక్కిరిసి ఉంది, ఫ్యాన్ల చప్పుడు, అందరం తల వంచుకుని రాసుకుంటున్నాం. ‘పారియా. అంటే వెలివేయబడినవాడు, నీచంగా చూడబడేవాడు. తరువాతిది...’ అని ఆయన ముందుకు వెళ్లిపోయారు. నా పక్కన కూర్చున్న మిత్రుడి కలం ఆగింది. మా గదిలోనే ఉండేవాడు, ప్రకాశం జిల్లా నుంచి వచ్చాడు, వాళ్ల నాన్న డప్పు కళాకారుడు. నేను మోచేత్తో తట్టినా వాడు రాయలేదు.

మర్నాడు పొద్దున్నే చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళ్లి పెద్ద నిఘంటువు తీసి చూశాడు. రాత్రి గదికి వచ్చాక, నేను బియ్యం కడుగుతుంటే నా వెనక నిలబడి చెప్పాడు. ‘అది తమిళం మాట రా. పఱై అంటే డప్పు. అది వాయించేవాళ్ల కులం పేరు ఇంగ్లిష్‌లోకి తిట్టుగా వెళ్లింది.’ కాసేపు ఆగి, ‘మా నాన్న వాయించే ముందు గడ్డి మంట వేసి తోలు కాస్తాడు. వేలితో కొట్టి చూస్తాడు, మోత సరిగ్గా పలికేదాకా మళ్లీ కాస్తాడు. కుడి చేతిలో చిర్ర, ఎడమ చేతిలో సిటికెన పుల్ల. ఊళ్లో పెళ్లయినా చావయినా ఆయన లేకుండా కదలదు. ఆ పనికి వాళ్లు పెట్టిన అర్థం ఇదా?’ అన్నాడు.

నేనేమీ అనలేకపోయాను. బియ్యం నీళ్లు మూడుసార్లు వంపేసి ఉంటాను. నా కులం వల్ల ఆ మాట నా చెవికి ఏ దెబ్బా తగలకుండా వెళ్లిపోయింది. వాడి నోటుపుస్తకంలో ఆ స్థలం ఖాళీగానే ఉండిపోయింది. పరీక్షలో ఆ మాట వస్తే జవాబు గుర్తిస్తానని, వ్యాసంలో మాత్రం తన చేత్తో ఎప్పుడూ రాయనని చెప్పాడు. ఔట్‌కాస్ట్ అని రాస్తే ఏ మార్కూ పోదు. అప్పటి నుంచి నేనూ రాయలేదు.

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. కాని ఇంగ్లిష్ పత్రికలు ఈ రోజుకీ ఏదో ఒక దేశాన్ని పారియా స్టేట్ అని తాపీగా రాస్తూనే ఉన్నాయి. బతికున్న ఒక కులం పేరు అది, తమిళనాడులో లక్షల మంది పేరు. కనీసం పాఠం చెప్పేవాళ్లు ఆ ఒక్క వాక్యం చెప్పి ముందుకు వెళ్లాలి. జగ్గర్‌నాట్ సంగతీ అంతే. పూరీ జగన్నాథుడి రథచక్రాల కింద భక్తులు పడి చస్తారని పాశ్చాత్య యాత్రికులు రాసిన కథల నుంచి, అడ్డొచ్చినదాన్ని నలిపేసే శక్తి అని అర్థం వచ్చింది. శ్రీకాకుళం వైపు వాళ్లను అడగండి, రథయాత్ర అంటే వాళ్లకు ఏమి గుర్తొస్తుందో.

మా మిత్రుడికి రెండేళ్ల తర్వాత కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. నేను ఆదివారాలు మా ఊరి పిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నాను. పారియా దగ్గరికి వచ్చినప్పుడు ముందు డప్పు ఎలా కాస్తారో చెబుతాను, చాలామంది పిల్లలకు అది నాకంటే బాగా తెలుసు.

రోజుకు 50 మానేయండి, 8 చదవండి. పక్కన ఇంగ్లిష్ అర్థానికి బదులు, మీ ఇంట్లో ఎవరు ఏ సందర్భంలో దానికి సరిపోయే తెలుగు మాట వాడతారో రాసుకోండి. మీ జాబితాలో మింగుడుపడనివి ఏవైనా ఉంటే ఇక్కడే కింద రాయండి, నాకు తెలిసిన తెలుగు మాట చెబుతాను.