స్ట్రీట్ 750 బెల్ట్ కిచకిచమంటోంది, మార్చేయాలా?

మీరు రాసింది చదువుతుంటే నా బండి సంగతే రాశారేమో అనిపించింది. గుంటూరులో మీరు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న హార్లే స్ట్రీట్ 750 బైకు, ట్రాఫిక్‌లో మెల్లగా పోతుంటే వెనక చక్రం దగ్గర పిట్ట అరిచినట్టు కిచకిచ, స్పీడందుకుంటే వినపడదు. ఒక మెకానిక్ చెయిన్ లూబ్ కొట్టమన్నాడు, ఇంకొకాయన బెల్టే మార్చేయమన్నాడు. దయచేసి ఆ రెండూ ఇప్పుడే చేయకండి. నాదీ అదే మోడలు, ఉండేది తాడేపల్లి. ఈ శబ్దం వెనకాల నేనూ చాలా తిరిగాను.

లూబ్ సంగతి ముందు. మన బండికి వెనక చక్రాన్ని తిప్పేది చెయిన్ కాదు, పళ్ళున్న బెల్టు. ఈ బెల్టుకి నూనె, గ్రీజు, చెయిన్ లూబ్ ఏవీ తగలకూడదు. జిడ్డుకి దుమ్ము అతుక్కుని పళ్ళ సందుల్లో ఆకురాయి పని చేస్తుంది. నూనె బెల్టుకీ మంచిది కాదు.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. శబ్దం వస్తున్నప్పుడు బండి ఆపి, ఇంజన్ ఆర్పేసి, స్ప్రే బాటిల్‌తో బెల్టు లోపలి వైపు, అంచుల మీద నీళ్ళు కొట్టి మళ్ళీ నడపండి. కాసేపు నోరు మూసుకుని, ఆరగానే మళ్ళీ మొదలెట్టిందంటే అది దుమ్ము, లేకపోతే బెల్టు పుల్లీ (బెల్టు తిరిగే పళ్ళ చక్రం) అంచుకి రాసుకోవడం. నీళ్ళు కొట్టినా తేడా లేకపోతే చక్రం బేరింగులు, బెల్టు బిగువు చూపించుకోవాలి. వానల్లో సైలెంటుగా ఉండి ఎండాకాలం కూసే బండ్లు చాలావరకు మొదటి రకమే.

మన దగ్గర దుమ్ముకి కొదవేముంది? నేను కరకట్ట మీద తిరుగుతాను, ముందు ఇసుక లారీ ఉందంటే బెల్టు నిండా కృష్ణ ఇసుకే. ఇబ్రహీంపట్నం వైపు వెళ్తే థర్మల్ స్టేషన్ బూడిద లారీలు. కాబట్టి ముందు కడగండి. మామూలు సబ్బు నీళ్ళు, మెత్తటి బ్రష్ చాలు. బెల్టు పళ్ళతో పాటు పుల్లీ గాడులు కూడా రుద్దాలి, అసలు మట్టి పేరుకునేది అక్కడే. పెట్రోలు, డీజిల్ వద్దు. వెనక చక్రం నేలకి తగలకుండా బండిని స్టాండ్ మీద పెట్టి, న్యూట్రల్‌లో, చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ చేయండి. ఇంజన్ నడుస్తుండగా బెల్టు దగ్గరికి గుడ్డ గానీ వేలు గానీ పోనివ్వకండి, పుల్లీ లోపలికి లాగేస్తుంది.

నా బండికి కడిగాక శబ్దం పోయి, మళ్ళీ వచ్చింది. కూర్చుని టార్చి వేసి చూస్తే వెనక పుల్లీ అంచు ఒకవైపు మాత్రమే అద్దంలా మెరుస్తోంది, దాని పక్కన కాటుకలాంటి నల్లటి పొడి. బెల్టు అంచు కూడా అటువైపే నూగు లేచింది. అంతకుముందే ఒక షాపులో వెనక టైరు మార్పించాను, వాళ్ళు చక్రాన్ని కాస్త ఏటవాలుగా బిగించేశారు. ఆటోనగర్‌లో ఒక పెద్దాయన టేపు పట్టి, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) ఫ్రేముకి తగిలించే బోల్టు నడిమధ్య నుంచి యాక్సిల్ (చక్రం ఇరుసు) నడిమధ్య దాకా రెండు వైపులా కొలిచారు. తేడా కంటికి ఆనదు, టేపు మీద మాత్రం తేలింది. యాక్సిల్ నట్ వదులు చేసి అడ్జస్టర్లు సరిచేశారు, చక్రం తిప్పి బెల్టు ఏ పక్కకి జరుగుతోందో చూశారు. నట్ పూర్తిగా బిగించాక మళ్ళీ కొలిచారు. బిగించేటప్పుడే చక్రం కొంచెం కదులుతుంది, చాలామంది వదిలేసేది ఆ రెండో కొలతే. మీ బండికీ ఈమధ్య టైరు గానీ వెనక బ్రేకు గానీ విప్పారేమో అమ్మినాయన్ని అడగండి.

శబ్దం పోతుందని బెల్టు ఇంకా లాగి బిగించేవాళ్ళున్నారు. దానివల్ల చక్రం బేరింగు, గేర్‌బాక్స్ షాఫ్టు బేరింగు అరిగిపోతాయి, అప్పుడు కిచకిచ పోయి ఊళ మొదలవుతుంది, అది ఖరీదైన రోగం. మరీ వదులైతే గట్టిగా యాక్సిలరేటర్ తిప్పినప్పుడు పళ్ళు జారి టక్కుమంటుంది. బిగువు ఎప్పుడూ ఇంజన్ పూర్తిగా చల్లారాకే చూడాలి. చక్రం తిప్పుతూ బెల్టు ఎక్కడ బాగా బిగుసుకుందో అక్కడ, కింది వరస మధ్యలో సుమారు 4.5 కిలోల బలంతో నొక్కితే ఎంత కదలాలో మీ ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ అంకెనే నమ్మండి, చేతి అంచనా వద్దు.

పళ్ళు ఊడినా, పంటి మొదట్లో చీలిక కనిపించినా, లోపలి దారాలు బయటపడినా, రాయి ఇరుక్కుని మధ్యలో చిల్లు పడినా బెల్టు మార్చాల్సిందే, ఇక బేరం లేదు. అప్పుడు పుల్లీ పళ్ళు కూడా చూడమనండి, అవి అరిగి ఉంటే కొత్త బెల్టునీ తినేస్తాయి.

నీళ్ళు కొట్టాక శబ్దం ఏమైందో రాయండి. వెనక పుల్లీ రెండు అంచులూ కనపడేలా ఫోటో పెడితే రాసుకుంటోందో లేదో చూసి చెప్తాను.