డెస్కు మీద లాటిన్ మాట ఎదురైనప్పుడు

విద్యానగర్,
హైదరాబాద్.

చిరంజీవి శ్రావణికి పెద్దనాన్న ఆశీస్సులు.

మొన్న రాత్రి పదకొండు దాటాక ఫోను చేసి, "పెద్దనాన్నా, వార్తా ఏజెన్సీ కాపీలో పర్సొనా నాన్ గ్రాటా అని ఉంది. దౌత్యవేత్తకు దేశ బహిష్కరణ అని రాసేస్తే సరిపోతుందా?" అని అడిగావు. "వద్దమ్మా, అవాంఛనీయ వ్యక్తిగా ప్రకటించారని రాయి" అని ఒక్క ముక్కలో చెప్పి పెట్టేశాను. పేజీ వెళ్లిపోయే వేళ అంతకన్నా వివరించడానికి వీల్లేదు. కానీ ఆ తర్వాత చాలాసేపు నాకు నిద్ర పట్టలేదు. నువ్వు పత్రిక డెస్కులో చేరి మూడు నెలలే అయింది. ఇలాంటి లాటిన్ మాటలు నీకు రోజూ తగులుతాయి, ప్రతి రాత్రీ నేను ఫోనుకు అందను. అదే పనిలో ముప్పై నాలుగేళ్లు కూర్చుని తెలుసుకున్నదాన్ని తీరిగ్గా కాగితం మీద పెడుతున్నాను. దాచుకో.

మొదటి సంగతి, ఆ మాటలను చూసి బెదరకు. ఇంగ్లిషువాళ్లకు కూడా అవి అరువు సొమ్మే. ఇంకా చెప్పాలంటే వాటిని విప్పి చూసుకోవడం తెలుగు వచ్చినవాళ్లకే కాస్త సులువు. మన క్రియలో కర్త దాగి ఉంటాడు. 'నిషేధిస్తున్నాను' అంటే చాలు, 'నేను' అని వేరే చెప్పనక్కరలేదు. లాటిన్ క్రియ కూడా సరిగ్గా అంతే. వీటో అన్న రెండక్షరాల మాటకు అర్థం 'నిషేధిస్తున్నాను' అనే. కోర్టులు జారీ చేసే మాండమస్ అంటే 'ఆజ్ఞాపిస్తున్నాం'. అఫిడవిట్ అంటే 'ప్రమాణం చేసి చెప్పాడు'. మనం నామవాచకాలనుకుని వాడుతున్నవి నిజానికి పూర్తి వాక్యాలు. అలాగే ఎజెండా అంటే 'చేయవలసినవి', మెమోరాండం అంటే 'గుర్తుంచుకోవలసినది', టెండరు ప్రకటనల కింద తరచూ కనబడే కొరిజెండం అంటే 'సవరించవలసినది'. ఇంగ్లిషులో ఈ అర్థం చెప్పాలంటే నాలుగు మాటలు పేర్చాలి. మనకు ఒక్క 'వలసినది' సరిపోతుంది.

విభక్తుల సంగతీ అంతే. బడిలో 'కొఱకున్, కై చతుర్థీ విభక్తి' అని వల్లించావు కదా. నువ్వు రోజూ ఆఫీసుకు ఎక్కే బస్సు ఆ చతుర్థే! ఆమ్నిబస్ అన్న లాటిన్ మాటకు 'అందరి కొరకు' అని అర్థం. 1820ల్లో ఫ్రాన్సులో డబ్బులిచ్చి ఎవరైనా ఎక్కగలిగే గుర్రపు బండికి ఆ పేరు వచ్చింది. అందులో 'అందరు' అన్న భాగం ఆమ్ని. మిగిలిన బస్ వట్టి ప్రత్యయం. జనం నోట్లో అసలు మాట అరిగిపోయి ప్రత్యయం ఒక్కటే మిగిలింది. ఈ సంగతి తెలిసిన రోజున కోఠి బస్టాండులో నిలబడి, వచ్చే పోయే బస్సులను కొత్తగా చూశాను.

కాబట్టి కాపీలో లాటిన్ మాట కనబడగానే ముందు దాన్ని విప్పు. అందులో క్రియ ఉందా, విభక్తి ఉందా, ఎవరు ఎవరితో అంటున్న మాట అది? దాన్ని మామూలు తెలుగు వాక్యంగా నోటితో అనుకో. హెబియస్ కార్పస్‌నే తీసుకో. కార్పస్ అంటే శరీరం. మా డెస్కులో ఒక కుర్రవాడు దాన్ని శవమనుకుని, తప్పిపోయిన కొడుకు కోసం హైకోర్టుకు వెళ్లిన తల్లి 'కొడుకు శవాన్ని అప్పగించాలని' కోరిందని రాశాడు. ప్రూఫులో ఎవరో చూశారు కాబట్టి సరిపోయింది. ఆ తల్లి పొద్దున్నే ఆ వాక్యం చదివి ఉంటే! ఆ మాట అసలు రూపం 'మనిషిని నీవు తెచ్చి ఉంచాలి' అని, అతన్ని పట్టి ఉంచినవాడికి కోర్టు చేసే ఆజ్ఞ. బతికున్న మనిషిని ఎదుట నిలబెట్టమనడం. రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టుకు, 32వ అధికరణ కింద సుప్రీంకోర్టుకు ఆ అధికారం ఉంది. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఉండే 'బందీ ప్రత్యక్ష' అన్న అనువాదం నాకు చాలా ఇష్టం. ఎవరు రావాలో, ఏం జరగాలో రెండు మాటల్లో చెబుతుంది. వార్తలో మాత్రం హెబియస్ కార్పస్ అనే రాసి, పక్కన ఒక చిన్న వాక్యంలో విషయం చెప్పు.

ఇక ఎక్స్‌గ్రేషియా. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇందులో నా చేతి తప్పు ఉంది. నేను చేరిన రెండో ఏడు నగర శివార్లలో ఒక కర్మాగారంలో ప్రమాదం జరిగి ఇద్దరు కార్మికులు చనిపోయారు. మృతుల కుటుంబాలకు ఎక్స్‌గ్రేషియా ఇస్తున్నామని యాజమాన్యం ఇంగ్లిషులో ప్రకటన పంపింది. నేను 'నష్టపరిహారం' అని రాశాను. శీర్షిక కూడా అదే పెట్టాను. పది రోజుల తర్వాత, చనిపోయినవారిలో ఒకరి తమ్ముడు ఆ కత్తిరింపును నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. నా బల్ల మీద విప్పి పరిచాడు. మడతలు పడ్డచోట అక్షరాలు అప్పటికే చెరిగిపోయాయి. "పరిహారం ముట్టింది కాబట్టి ఇంకేమీ అడగకూడదంటున్నారు సార్. మీ పేపర్లో కూడా అలాగే ఉంది. నిజమేనా?" అన్నాడు. కోపంగా అనలేదు. తెలుసుకుందామని వచ్చాడు.

గ్రేషియా అంటే దయ, అనుగ్రహం. ఎక్స్ అంటే 'నుండి'. మన దయ కొద్దీ ఇస్తున్నాం, బాధ్యత ఒప్పుకుని కాదు అని ఆ రెండు మాటల్లో ఉంది. నష్టపరిహారం వేరు. పనిలో జరిగిన ప్రమాదంలో కార్మికుడు చనిపోతే యజమాని చెల్లించవలసింది 1923 నాటి చట్టం నుంచీ ఉంది. అది కుటుంబం హక్కు. దయగా ఇచ్చినదానికి హక్కు పేరు పెట్టి నేను ఆ ఇంటివాళ్లను అయోమయంలో పడేశాను. మా సంపాదకుడు మర్నాడే సవరణ వేయించి, అతన్ని కార్మిక కేసులు చూసే వకీలు దగ్గరికి పంపారు. ఆ మడతల కాగితం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంటుంది. నువ్వు ఆ మాటను ఎక్స్‌గ్రేషియా అనే రాయి, పల్లెటూళ్లో కూడా అది తెలిసిన మాటే. లేదా ఆర్థిక సాయం అను. నష్టపరిహారం అని మాత్రం ఎప్పుడూ రాయకు.

అయితే పుట్టుక తెలిసింది కదా అని అక్కడే ఆగిపోకూడదు. ఆ మాట ఇప్పుడు ఏ పనిలో ఉందో కూడా చూడాలి. ఇదే ఎక్స్‌గ్రేషియా 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. కోవిడ్ మృతుల కుటుంబాల విషయంలో, ఆ సెక్షన్ కింద సాయానికి మార్గదర్శకాలు ఇవ్వడం జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ తప్పనిసరి విధి అని 2021 జూన్ 30న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాతే 50,000 రూపాయల సాయం ఖరారైంది. పేరులో దయ ఉన్నా, అక్కడ అది చట్టం చెప్పిన విధి. మాట పుట్టుక ఒకటి, కొలువు ఒకటి. రెండూ తెలిస్తేనే వార్త సరిగ్గా వస్తుంది.

ఈ తేడా కళ్లారా చూడాలంటే మా ఇంటికి వచ్చినప్పుడు నల్లకుంట దాకా తీసుకెళ్తాను. అక్కడి ఫీవర్ ఆసుపత్రిని మా పెద్దవాళ్లు 'కోరంటి దవాఖానా' అనేవారు. అది క్వారంటైన్ అన్న మాటే, మన నోట్లో నానింది. వెనిస్ యాసలో దానికి అర్థం నలభై రోజులు. ప్లేగు భయంతో ఓడలను అన్నాళ్లు రేవు బయట నిలిపేవారు. ఇప్పుడు ఏడు రోజులు విడిగా ఉంచినా క్వారంటైనే. లెక్క పోయి పని మిగిలింది. ఆ ఆసుపత్రి అసలు పేరులో ఉన్న రోనాల్డ్ రాస్ సంగతి ఇంకా చిత్రం. మలేరియా ఇటలీ మాట, 'చెడ్డ గాలి' అని అర్థం. చిత్తడి నేలల మీది గాలి వల్లే ఆ జ్వరం వస్తుందని అనుకునేవారు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే రాస్ దోమ పొట్ట గోడలో ఆ పరాన్నజీవిని చూశాడు. జ్వరానికి దోమే దారి అని అక్కడ తెలిసింది, 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. గాలి తప్పు కాదని మన ఊళ్లోనే రుజువైనా పేరు మాత్రం మారలేదు. ఎవరైనా మలేరియా అంటే చెడుగాలి కాబట్టి గాలి వల్ల వస్తుందని వ్యాసం రాసి పంపితే నువ్వు ఏం చేయాలో చెప్పనక్కరలేదు.

కొన్నింటికి మన పత్రికలవాళ్లు ఎప్పుడో చక్కటి తెలుగు చేసి పెట్టారు, వాటిని వదలకు. శాసనసభ సైనే డై వాయిదా పడింది అంటే, మళ్లీ కలిసే 'రోజు లేకుండా' వాయిదా పడిందని. 'నిరవధికంగా వాయిదా' అన్న మాట దానికి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. సుమోటోకు 'తనంతట తానుగా' ఉంది. అభ్యర్థి అన్న మాట ఇంకా నిజాయతీ గలది. క్యాండిడేట్ అంటే తెల్లబట్టలవాడు, రోమ్‌లో పదవికి పోటీపడేవాళ్లు సుద్దతో తెల్లగా చేసిన వస్త్రం కట్టుకునేవారు. మన మాట బట్టల ఊసెత్తకుండా 'అర్థించేవాడు' అంటుంది.

జీవోలు అనువదించేటప్పుడు ఒక జాగ్రత్త. ఐ.ఇ., ఇ.జి. రెండూ చుక్కల మాటలే కనుక ఒకటే అనిపిస్తాయి. మొదటిది 'అంటే', రెండోది 'ఉదాహరణకు'. 'బలహీన వర్గాలు, అంటే ఫలానా ఫలానా' అని రాస్తే జాబితా అక్కడితో మూసుకుపోతుంది. 'ఫలానా వంటివారు' అని రాస్తే తలుపు తెరిచే ఉంటుంది. ఒక పథకం తమకు వర్తిస్తుందో లేదో పేదవాళ్లు ఆ ఒక్క మాటలో వెతుక్కుంటారు.

ఆరోగ్యం పేజీ చూసే రోజున మందుల చీటీలు కూడా చదవడం నేర్చుకో. బి.డి. అంటే రోజుకు రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు వేసుకోవాలి. ఎస్.ఓ.ఎస్. అన్నది 'అవసరమైతే' అనే లాటిన్ ముక్క, ఓడ మునిగేటప్పుడు పంపే సంకేతం కాదు. మా కింది వాటా పెద్దావిడ అది చూసి, ప్రాణం మీదికి వస్తేనే వేసుకోవాలేమో అనుకుని రెండు రాత్రులు మోకాలి నొప్పి ఓర్చుకుంది. ఆమె ఆ చీటీ పట్టుకుని మెట్లెక్కి రాకపోయి ఉంటే మూడో రాత్రీ అంతే అయ్యేది.

ఇప్పుడు నీ పర్సొనా నాన్ గ్రాటా. గ్రాటా కూడా ఆ గ్రేషియా చుట్టమే, 'ఇష్టమైన' అని. నాన్ అంటే కాదు. 'ఇష్టం కాని వ్యక్తి'. దౌత్య సంబంధాల మీద దేశాలు చేసుకున్న 1961 వియన్నా ఒప్పందం 9వ అధికరణ ప్రకారం, ఏ దేశమైనా ఎప్పుడైనా కారణం చెప్పనవసరం లేకుండా ఒక దౌత్యవేత్తను అలా ప్రకటించవచ్చు. అప్పుడు అతన్ని పంపిన దేశం వెనక్కి పిలిపించుకోవాలి, లేదా ఆ కొలువు నుంచి తప్పించాలి. తగినంత గడువులో ఆ పని చేయకపోతే, అతన్ని దౌత్య సిబ్బందిలో ఒకడిగా గుర్తించబోమని ఆతిథ్య దేశం అనవచ్చు. అంటే ఆ రాత్రి నీ కాపీలో ఉన్నది ఇంకా ప్రకటనే. 'బహిష్కరణ' అని నువ్వు రాసి ఉంటే, రెండు ప్రభుత్వాలు ఇంకా వేయని అడుగు మన పత్రిక వేసేసినట్టు అయ్యేది. అతను విమానం ఎక్కాక ఆ వార్త వేరేగా వస్తుంది, అప్పుడు రాయి.

నా పాత నిఘంటువు ఒకటి, ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల బజారులో కొన్నది, మీ నాన్న చేత పంపుతున్నాను. అట్ట ఊడింది, పుటలు గట్టిగానే ఉన్నాయి. మాట చివర చదరపు బ్రాకెట్లో పుట్టుక ఉంటుంది, ముందు అది చదువు. అంచుల్లో పెన్సిలుతో నేను రాసుకున్న తెలుగు మాటల్లో నీకు నచ్చనివి కొట్టేసి, నీవి రాసుకో.

ఆశీస్సులతో,
పెద్దనాన్న