కూపు మొదలయ్యే ముందు

అల్లుడూ,

దేవరకొండ వైపు అడవిలో నీ కాపలాకు ఒక బీట్ ఇచ్చారని, ఈసారి వెదురు కోతకు హద్దు గీసిన ముక్క, అదే కూపు, నీ బీట్‌లోనే పడిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. టెన్షన్ పడుతున్నావట కదా. పడు, మంచిదే. నా మొదటి కూపుకి నేను టెన్షన్ పడలేదు, అందుకే చెడగొట్టాను.

ముందు కాగితం సంగతి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి, కేంద్రం ఆమోదించిన, ఎక్కడ ఎంత కొట్టాలో రాసిన వర్కింగ్ ప్లాన్‌లో లేకుండా అడవిలో చెట్టు కొట్టేది లేదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ కోర్‌లో అయితే ఆ మాటే ఎత్తకు. కూపు హద్దు మ్యాపులో చూసుకో, తర్వాత నీ కాళ్ళతో ఒకసారి చుట్టూ తిరిగి రా.

ఇక పొద దగ్గరికి వద్దాం. అచ్చంపేట వైపు నా మొదటి కూపులో కూలీలు అంచున చేతికందిన బొంగులన్నీ కొట్టేశారు. లోపలివి ముళ్ళపొదలా పెనవేసుకుని ఉన్నాయి, వాటి జోలికి ఎవరూ పోలేదు. లారీ లెక్క సరిపోయింది, నేను సంతకం పెట్టాను. మూడేళ్ళకు మళ్ళీ వెళ్ళి చూస్తే పొద నడుమ ఎండిన బొంగులు, చుట్టూ వేలంత సన్నటి పుల్లలు. వెదురు దుంప బయటికే పాకుతుంది, కొత్త మొలకలు, మనం కొమ్ములంటామే, అవి అంచునే లేస్తాయి. వాటికి ఆసరాగా ఉన్న బొంగుల్నే మేం నరికించాం.

అందుకని ఒకవైపు నుంచి దారి తీయించి, మిగతా అంచును గుర్రపు నాడా ఆకారంలో నిలిపి లోపలికి పోనియ్యి. ఏడాది లోపు బొంగు ముట్టకూడదు. దాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు: కణుపుల దగ్గర ఎండు పొరలు ఇంకా అంటుకుని ఉంటాయి, వేలితో రుద్దితే తెల్లటి పొడి అంటుతుంది. ముదురు బొంగును కత్తి వెనకతో కొడితే ఖంగుమంటుంది, లేతది మొద్దుగా పలుకుతుంది. పొదకు కనీసం ఎనిమిది ముదురు బొంగులు నిలవాలని మా లెక్క. ఎన్ని కొట్టారని కాంట్రాక్టరు చెప్తాడు. నువ్వు నిలిచినవి లెక్కపెట్టు.

కోత నేలకు జానెడు ఎత్తులో, కణుపుకు ఆనించి పైన పడాలి. నడుం వంచడానికి బద్ధకించి మోకాలెత్తులో కొడతారు. ఆ గొట్టంలో వాన నీళ్ళు నిలిచి పురుగు పడుతుంది. తొలకరి పడ్డాక దసరా దాకా కత్తి లోపలికి పోనియ్యకు, అప్పుడే కొమ్ములు లేస్తాయి, కాలు తగిలినా విరిగిపోతాయి. ఎప్పుడైనా అడవంతా వెదురు పూత కనిపిస్తే గింజ రాలేదాకా ఆగు. ఆ పొద ఎలాగూ చచ్చిపోతుంది, గింజే రేపటి అడవి.

పక్కన జామాయిల్ ప్లాంటేషన్ ఉందన్నావు కదా, అక్కడ మొదలు నేలకు దగ్గరగా, వాలుగా, బెరడు చీలకుండా కొట్టించు. చిగుళ్ళు వచ్చాక ఒకటి రెండు ఉంచి మిగతావి తీయించు, అంతే.

కొమ్మా రెమ్మా పొద మొదట్లో వదిలేయొద్దు. వేసవిలో ఇప్పపూలు ఏరేవాళ్ళు చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు, అది పాకితే పొద దుంపతో సహా కాలుతుంది. వాళ్ళ మీద కేసులు పెట్టే ముందు చీపురుతో ఊడ్చుకొమ్మని చెప్పు. నేను చెప్తే చాలామంది విన్నారు.

చెంచు గూడేల వాళ్ళతో, మేదరులతో కత్తి పడకముందే కూర్చో. 2006 అటవీ హక్కుల చట్టంలో వెదురు చిన్న అటవీ ఉత్పత్తి, దాని మీద చెంచులకు హక్కు ఉంది. మేదరులు చీలడానికి వీలని లేత బొంగు అడుగుతారు. రెండేళ్ళ బొంగు దగ్గర బేరం తెగుతుంది, కొంచెం ఓపిక పట్టు.

సంక్రాంతికి ఇంటికి వస్తావుగా. నా పాత కత్తికి పిడి మార్పించి ఉంచాను, పట్టుకెళ్ళు.

మీ మామ