పాఠకుల ప్రశ్నలు: పెగ్గీ యాష్‌క్రాఫ్ట్ నటన

ప్రశ్న: ‘ఎ పాసేజ్ టు ఇండియా’ సినిమాలో మిసెస్ మూర్‌గా వేసినావిడకి 77 ఏళ్ల వయసులో ఆస్కార్ వచ్చిందట. అప్పటిదాకా ఆవిడ ఏం చేశారు? నటన నేర్చుకునేవాళ్లం ఆవిడవి ఏవి చూడాలి?
- రంగస్థల విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: నాటకాలు వేశారమ్మా. 1926లో బర్మింగ్‌హామ్‌లో మొదలుపెట్టాక ఆవిడ అసలు ఇల్లు రంగస్థలమే. 1930లో లండన్‌లో ఆడిన షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’లో నటుడు పాల్ రోబ్సన్ ఒథెల్లో అయితే ఈవిడ అతని భార్య డెస్డిమోనా. 1935లో ‘రోమియో అండ్ జూలియెట్’లో నటులు ఆలివియర్, గీల్‌గుడ్ రోమియో, మెర్క్యూషియో వేషాలు మధ్యలో మార్చుకున్నా, జూలియెట్ మాత్రం ఈవిడే. సినిమాలు తక్కువ. అదే ఏడాది హిచ్‌కాక్ ‘ది 39 స్టెప్స్’లో రైతు భార్యగా కాసేపే కనిపిస్తారు.

మా దృష్టిలో ఆవిడ నటనకు శిఖరం ఇంగ్లండ్ రాణి మార్గరెట్ పాత్ర. షేక్‌స్పియర్ చారిత్రక నాటకాలు నాలుగింటిని దర్శకులు పీటర్ హాల్, జాన్ బార్టన్ మూడుగా కుదించి 1963లో షేక్‌స్పియర్ సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్‌లో ఆడించారు. అప్పటికి ఆవిడకి 55. మొదటి నాటకంలో పడుచుపిల్ల, మూడోదాంట్లో శాపనార్థాలు పెట్టే ముసలమ్మ. మధ్యలో, పట్టుబడ్డ శత్రువు యార్క్ చేతికి అతని కొడుకు నెత్తురంటిన గుడ్డ ఇచ్చి, నెత్తిన కాగితం కిరీటం పెట్టిస్తుంది. ఈ మూడు నాటకాలనూ బీబీసీ రికార్డు చేసి 1965లో ప్రసారం చేసింది.

కానీ దాంతో మొదలుపెట్టొద్దు. చివరి వరుసకు వినపడాల్సిన గొంతు అది; ముందే వింటే మీరూ కెమెరా ముందు అరిచేస్తారు. మొదట మిసెస్ మూర్ మసీదు సన్నివేశం చూడండి. రాత్రిపూట చెప్పులతో లోపలికి వచ్చిందనుకుని అజీజ్ అనే డాక్టరు కేకలేస్తాడు. బయటే విప్పి వచ్చానని ఆవిడ నెమ్మదిగా చెబుతుంది. గొంతు పెంచదు, నొచ్చుకోదు, సిగ్గుపడేది అతనే. ఒకసారి సౌండు తీసేసి కళ్లూ మెడా గమనించండి, తర్వాత సౌండుతో చూడండి.

ఆ తర్వాత 1984 నాటి టీవీ ధారావాహిక ‘ది జువెల్ ఇన్ ది క్రౌన్’. మొత్తం 14 భాగాలు. అందులో ఆవిడ బార్బీ అనే రిటైరైన మిషనరీ టీచరు. వసపిట్టలా వాగే ఆ మనిషికి చివరికి మాటే లేకుండా పోతుంది. నేరుగా చివరి ఘట్టాలకు దూకితే అది ఉత్త ఏడుపుగొట్టు పాత్రలా అనిపిస్తుంది, ఎందుకంటే మాట ఎలా తగ్గుతూ వచ్చిందో మీరు చూసుండరు. వరసగానే చూడండి. మార్గరెట్ దగ్గరికి ఆఖర్న రండి. ఒక్కో నాటకం అయ్యాక ఆపి, నడకా గొంతూ ఎక్కడ మారాయో రాసుకోండి.